పదిహేనూ ముప్పావు

నలభై ఆరో ఏట, డాబాగార్డెన్స్‌లో
మెట్ల కింద ఇరుక్కున్న ఒక బట్టల కొట్లో
నా మెడ కొలత నాకు తెలీదని తెలిసింది.

పాతికేళ్లుగా పోర్టు వాళ్లిచ్చిన నీలం గుడ్డే.
చిన్న, మధ్యరకం, పెద్ద: మూడే సైజుల మనుషులం.
నేను మధ్యరకం.
ముప్పై మీటర్ల ఎత్తులో కూచున్నవాడికి
కింద తిరిగేవన్నీ హెల్మెట్లే,
కాలర్ల సంగతి ఏం తెలుస్తుంది?

సోమవారం నుంచి క్రేను దిగి
కొత్తగా చేరిన కుర్రాళ్లకి పాఠం చెప్పాలి.
సుద్దముక్క పట్టే మణికట్టుకి
ఒక మంచి కఫ్ ఉంటే బాగుంటుందని
ఎవరూ చెప్పలేదు, నాకే అనిపించింది.

కౌంటరు కుర్రాడు ముందు మెరిసేవి పరిచాడు.
"దీనికి ఇస్త్రీ కూడా అక్కర్లేదు సార్."
ఏమీ అక్కర్లేదనేవాటితో నాకు మొదట్నుంచీ పేచీ.
మిషను మీంచి తలెత్తకుండానే
గౌరునాయుడు మాస్టారు అన్నాడు:
"వంకాయైతే తిరగేసి సూస్తావు గదా బావూ,
సొక్కాని సూడవేటి?"

తిరగేశాను.
చంక నిండా తెగిన పోగులు.
కాలరు లోపల జిగురు బుడగలు.
గట్టిగా దగ్గితే ఊడొచ్చేలా ఉంది గుండీ.

"ఇప్పుడిది సూడు" అని అడుగు అరలోంచి
వెంట్రుకవాసి నీలిగీతల తెల్ల నూలు చొక్కా తీశాడు.
పోగు అంచుని మడతలో దాచి
ఆ మడత మీద మళ్లీ కుట్టు.
అంగుళానికి ఎన్ని కుట్లో గోటితో లెక్కపెట్టమన్నాడు,
పద్దెనిమిది దగ్గర చూపు తప్పిపోయింది.
జేబు మీది గీత ఛాతీ మీది గీతలోకి దిగింది,
లారీ నాలుగు మూలల మీదా కంటైనరు కూర్చున్నట్టు.
ఆ చప్పుడు నాకు వినబడింది కూడా.
గుండీని పెదవికి ఆనించమన్నాడు. చల్లగా ఉంది.
"ముత్యపుచిప్ప. ప్లాస్టికైతే
నీ వేడి నీకే తిరిగిచ్చేస్తాది."

తర్వాత టేపు నా మీద నడిచింది.
"మెడ పదిహేనూ ముప్పావు.
కుడి బుజం అరంగుళం దిగిపోనాది. క్రేనా?"
అప్పటికి నేనేమీ చెప్పలేదు.
"జాలరిపేటోళ్లకి రెండు బుజాలూ ముందుకొచ్చేస్తాయి,
బేంకోళ్లకి మెడ.
నీకు వీపు మీది ముక్కని నడిమికి చీల్చి
రెండుగా కుడతాను.
ఏ బుజం లెక్క దానిది."

పద్దెనిమిది వందలు.
డబ్బు కన్నా తెలుపు గురించే ఎక్కువ ఆలోచించాను.
వన్‌టౌన్‌లో మా డాబా మీద పదింటికి ఆరేసిన దుప్పటి
పన్నెండింటికి బూడిదరంగు.
వరహాలు పిట్టగోడ మీద వేలు రాసి చూపిస్తుంది:
"నువ్వు దింపిన బొగ్గే,
నీ కన్నా ముందు ఇంటికొచ్చింది."
ఆ వీధిలో తెల్లచొక్కా కొనడమంటే
రోజూ ఒక పోట్లాటకి ఒప్పుకోవడం.
పోనీ బిస్కెట్ రంగు తీసుకోండి అన్నాడు కుర్రాడు.
తెలుపే అన్నాను.
ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

"ఫేను కింద ఆరేస్తాలే" అంది వరహాలు
శనివారం పొట్లం విప్పి,
గుండీ ఒకటి పెదవికి ఆనించుకుని.
ఆ కిటుకు నేను చెప్పలేదు.

సోమవారం.
కాలరు గుండీ పెట్టాక రెండు వేళ్లు పట్టాయి.
సముద్రపు గాలికి ఒళ్లంతా జిగట,
నూలు వీపుకి అంటుకుంది, వెంటనే వదిలేసింది.
బోర్డు పైఅంచు దాకా చెయ్యెత్తి క్రేను బొమ్మ గీశాను.
నడుం దగ్గర చొక్కా పైకి లేవలేదు.

వెనక్కి తిరిగాను.
ఆఖరి బెంచీలో ఒక సన్నటి కుర్రాడు
నీలం చొక్కా చేతులు మూడు మడతలు పెట్టి కూచున్నాడు.
మధ్యరకం ఇచ్చారు వాడికి.
పద్నాలుగున్నర ఉంటుంది, అనుకున్నాను.